బొమ్మా, ఆకా, మాటా: మీకు ఏ జర్నల్ నప్పుతుంది?

వరసగా పద్నాలుగు రోజులు ఒకే ఆకును గీశాను. కుండీలో మొక్కకి అన్నిటికంటే కిందున్న ఆకు. ఎడమ అంచున పురుగు కొరికి చిన్న కోత పడింది. మొదటి రోజు ముదురు ఆకుపచ్చగా ఉంది. అయిదో రోజుకి ఈనెల పక్కన పసుపు దిగింది. పదో రోజుకి కొస ముడుచుకుంది. పద్నాలుగో రోజు రాలిపోయింది. ఆ సాయంత్రం పేజీలు వెనక్కి తిప్పుకుంటూ వెళ్తే ఒక సంగతి కంటపడింది. పద్నాలుగు బొమ్మల్లో పదకొండింటిలో ఆ కోత లేదు. ఆ అంచును నున్నగా గీసేశాను. అలా గీయమని ఎవరూ చెప్పలేదు, ఆ బొమ్మలు ఎవరికీ చూపించేవీ కావు. అయినా చిరిగిన చోటును నా చెయ్యి తనంతట తానే పూడ్చేసింది.

అంతకుముందు ఆరేళ్లు రోజూ డైరీ రాశాను. వందల పేజీలు. లోపం కనబడగానే సర్దేసి చూపించే అలవాటు నాలో ఉందన్న మాట ఆ పేజీల్లో ఎక్కడా లేదు. రాయడం నాకు బాగా అలవాటు. ఏది రాయాలో, ఏది దాటవేయాలో చేతికి ముందే తెలుసు. గీయడం అలవాటు లేదు. అందుకే అక్కడ దొరికిపోయాను.

కళనో ప్రకృతినో ఆసరా చేసుకుని జర్నల్ పెట్టుకుందామనుకునే వాళ్లకి ఇప్పుడు దారులు చాలా ఉన్నాయి. వాటిలో ఏది మంచిదని అడిగితే ఎక్కువమంది చెప్పే సలహా, "మీకు ఏది బాగా వస్తే అది" అని. నేను దానికి ఒప్పుకోను. కాలక్షేపానికైతే ఆ సలహా సరైనదే. మిమ్మల్ని మీరు తెలుసుకోవడం కోసమైతే మాత్రం, మీకు బాగా వచ్చినదానికి ఒక అడుగు పక్కనున్నది ఎంచుకోండి. మరీ భయపెట్టేది వద్దు, మరీ చేయి తిరిగినదీ వద్దు. చేయి తిరిగిన పనిలో మనల్ని మనం చక్కగా అలంకరించుకోవడం వచ్చేస్తుంది. కొత్త పనిలో ఆ నేర్పు ఇంకా రాదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు బయటపడుతుంది.

ఈ మాట మనసులో పెట్టుకుని ఒక్కో దారినీ చూద్దాం.

వట్టి రాత

మిగతావాటిని దేనితో పోల్చాలన్నా ఇదే కొలత కాబట్టి ముందు దీని సంగతి. బొమ్మ లేదు, రంగు లేదు, పెన్నూ కాగితమే. పరిశోధన కూడా దీని మీద చాలా జరిగింది. అమెరికన్ సైకాలజిస్ట్ జేమ్స్ పెన్నెబేకర్ 1980లలో మొదలుపెట్టిన పద్ధతి చాలా తేలిక. మనసును కలచివేసిన విషయం గురించి రోజుకి 15 నుంచి 20 నిమిషాలు, మూడు నాలుగు రోజులు, తప్పొప్పులు పట్టించుకోకుండా రాయాలి. అంతే. ఏళ్ల తరబడి రాయాలన్న షరతు అందులో లేదు. రాసిన వెంటనే మనసు ఇంకాస్త బరువెక్కడం మామూలేననీ, మేలు కనబడితే ఆ తర్వాతి వారాల్లో కనబడుతుందనీ ఆ ప్రయోగాల్లో తేలింది.

ఎవరికీ చెప్పుకోలేని విషయం ఒకటి గొంతులో అడ్డుపడి ఉంటే ఇంతకంటే మంచి దారి నాకు తెలీదు. నలుగురిలో తక్కువ మాట్లాడేవాళ్లకి, లోపల చాలా ఉండి బయట "ఏం లేదు" అనేవాళ్లకి ఇది బాగా నప్పుతుంది.

రోజంతా మాటల్లోనే బతికేవాళ్లకి, అంటే పాఠాలు చెప్పేవాళ్లకి, రిపోర్టులు రాసేవాళ్లకి, మనసులో వాదనలు నడుపుతూ ఉండేవాళ్లకి మాత్రం వట్టి రాత త్వరలోనే పాడిందే పాటగా మారుతుంది. నా పాత డైరీల్లో ఒకే ఫిర్యాదు మూడు వేర్వేరు సంవత్సరాల్లో దాదాపు అవే మాటల్లో కనిపించింది. రాయడం వల్ల మనసు తేలికపడి ఉండొచ్చు గానీ నాకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు.

ఈ దారే కావాలంటే ప్రశ్న మార్చుకోండి. "నాకే ఎందుకిలా?" అని రాస్తే పేజీ నిండుతుంది కానీ ముడి వీడదు. "ఆ నిమిషంలో ఏం జరిగింది? ఒంట్లో ఎక్కడ తెలిసింది? నేనేమన్నాను? ఏం అనబోయి ఆగిపోయాను?" అని రాస్తే కొంచెం కదులుతుంది. "నేను" అనకుండా సొంత పేరు వాడి, వేరే మనిషి గురించి రాస్తున్నట్టు రాయడం కూడా పనిచేస్తుంది. అలా కాస్త దూరం నుంచి చూసుకున్నప్పుడు ఉద్వేగం అదుపులోకి వస్తుందని సైకాలజిస్ట్ ఈథన్ క్రాస్ బృందం చేసిన ప్రయోగాలు చెబుతున్నాయి.

కిటికీ అవతల ఏముందో రాసే జర్నల్

ప్రకృతి జర్నల్ అనగానే అడవి, కొండ, బైనాక్యులర్ గుర్తొస్తాయి. అవేవీ అక్కర్లేదు. గోడ మీద నాచు చాలు. కిటికీలోంచి కనబడే ఒక కొమ్మ, ఒక మేఘం, చీమల బారు చాలు. కావలసిందల్లా మళ్లీ మళ్లీ అదే చోటికి రావడం. రోజుకో కొత్త చోటుకి వెళ్తే కొత్తదనమే పేజీని నింపేస్తుంది. అదే చోటుకి పదోసారి వెళ్లినప్పుడు, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టుకోవాల్సిన పని కంటి మీద పడుతుంది.

పేజీ పైన తేదీ, టైమ్, చోటు, ఎండో మబ్బో వానో రాయండి. తర్వాత మూడు మాటలతో వాక్యాలు మొదలుపెట్టండి: "నాకు కనబడింది...", "ఇది ఎందుకో తెలుసుకోవాలనుంది...", "ఇది చూస్తే నాకు గుర్తొచ్చింది...". ఈ మూడు వాక్యాల పద్ధతిని ప్రకృతి జర్నలింగ్ నేర్పే జాన్ మ్యూర్ లాస్ బాగా ప్రచారంలోకి తెచ్చాడు. పక్కనే చిన్న బొమ్మ. అది ఎంత వంకరగా ఉన్నా సరే, ఎందుకంటే గీయడానికి కూర్చున్న మనిషి, ఊరికే చూసే మనిషి కంటే ఎక్కువసేపు చూస్తాడు. ఆకు అంచు నున్నగా ఉందా రంపంలా ఉందా అన్నది గీసేదాకా నాకెప్పుడూ పట్టలేదు.

మూడో వాక్యంలోనే మనం బయటపడతాం. ఒకరోజు ఎండిన కాయ ఒకటి తీసుకొచ్చి గీశాను. మొదటి వాక్యం: "నాలుగు పెంకులు, నాలుగూ విచ్చుకుని ఉన్నాయి." రెండోది: "గింజలు ఒకేసారి రాలాయా, ఒక్కొక్కటిగానా?" మూడో వాక్యం దగ్గర పెన్ను ఆగింది. చివరికి రాసింది: "అందరూ వెళ్లిపోయాక కూడా తలుపులు తీసే ఉంచిన ఇల్లు గుర్తొచ్చింది." ఆ నెలలో నన్ను కుదిపేస్తున్న విషయం ఏమిటో ఆ వాక్యం రాశాకే నాకు తెలిసింది. "ఈరోజు నీ మనసెలా ఉంది?" అని సూటిగా అడిగితే "బాగానే ఉంది" అని రాసేదాన్నేమో.

ఒకే దృశ్యం ఇద్దరు మనుషులను రెండు రకాలుగా ఎలా బయటపెడుతుందో చూడాలంటే ఇంగ్లిష్ కవి విలియం వర్డ్స్‌వర్త్ చెల్లెలు డొరొతీ డైరీ చూడాలి. 1802 ఏప్రిల్ 15న ఆమె తన అన్న విలియంతో కలిసి ఇంగ్లండ్‌లోని అల్స్‌వాటర్ సరస్సు పక్కన నడుస్తుంటే గట్టు పొడవునా డాఫోడిల్ పూలు కనిపించాయి. ఆమె డైరీలో రాసుకుంది: కొన్ని పూలు అలసిపోయి, రాళ్లే తలగడలైనట్టు వాటి మీద తలవాల్చాయి అని. అన్న రెండేళ్ల తర్వాత అదే దృశ్యం మీద కవిత రాశాడు, 1807లో అచ్చయింది. ఆ కవితలో మనిషి ఒంటరిగా నడుస్తుంటాడు. చెల్లెలు అందులో లేదు. పూలన్నీ నాట్యం చేస్తూ ఉంటాయి, అలసినవి ఒక్కటీ లేవు. ఆ గట్టు మీద ఆమెకి అలసట కనబడింది, ఆయనకి ఏకాంతం, సంతోషం కనబడ్డాయి. ఎవరిది నిజమని అడగనక్కర్లేదు. మీరు రాసిన పేజీని కూడా ఇలాగే చదువుకోవచ్చు: అక్కడున్న వాటన్నిటిలో నా కన్ను దేని మీద నిలిచింది? దేన్ని దాటేసింది?

ఈ దారికి ఇంకో బలం ఉంది. ఆఫీసు పనిలా గట్టిగా దృష్టి పెట్టాల్సిన పనితో మెదడు అలసిపోతుందనీ, ఆకులు కదలడం, నీళ్లు పారడం లాంటివి మన దృష్టిని బలవంతం లేకుండా పట్టుకుంటాయి కాబట్టి ఆ అలసట తీరుతుందనీ సైకాలజిస్టులు రేచల్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు 1980ల చివర్లో ఒక సిద్ధాంతం చెప్పారు. టెన్షన్‌తో తల దిమ్మెక్కిన రోజున నాకు వట్టి రాత కంటే ఇదే ముందు పనిచేస్తుంది. ఆ రోజుల్లో మాటలు రాయబోతే టెన్షనే మాటలుగా వస్తుంది.

దీనికీ ఒక గుంట ఉంది. పక్షుల పేర్లు, మొక్కల పేర్లు పోగేసే లిస్టుగా ఇది మారిపోవచ్చు. ఫోన్ యాప్ పేరు చెప్పేయగానే చూడటం ఆగిపోతుంది. పేరు తెలుసుకోవడం తప్పు కాదు; బొమ్మ, మూడు వాక్యాలు అయ్యాకే తెలుసుకోండి. తేదీ మాత్రం ఎప్పుడూ వదలొద్దు. అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1837 నుంచి 1861 దాకా జర్నల్ రాశాడు. 1850లలో ఆయన తన ఊళ్లో ఏ మొక్క ఎప్పుడు పూసిందో రాసుకున్న తేదీలను ఈ కాలపు శాస్త్రవేత్తలు ఇప్పటి తేదీలతో పోల్చి, వాతావరణం వేడెక్కడంతో చాలా పూలు ముందే పూస్తున్నాయని చూపించారు. మన పేజీలు శాస్త్రానికి పనికిరాకపోవచ్చు. కానీ ఏ కాలంలో మన మనసు ఎటు మొగ్గుతుందో తేదీలు ఉంటేనే తెలుస్తుంది. వర్షాకాలం మొదట్లో ప్రతిసారీ నా పేజీలు చిన్నవైపోతాయని నాకు అలాగే తెలిసింది.

చిత్రం ముందు కూర్చుని

గీయడమంటే చేతులు వణికే వాళ్లకి, బయటికి వెళ్లే వీల్లేని వాళ్లకి నేను ముందుగా చెప్పేది ఇదే. ఎవరో వేసిన చిత్రం ఒకటి తీసుకుని, దాన్ని చాలాసేపు చూసి, చూసింది రాయడం.

"చాలాసేపు" అన్న మాట దగ్గరే కిటుకుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులను గమనించి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒక్కో గొప్ప చిత్రం ముందు జనం సగటున 27 సెకన్లు నిలబడ్డారని తేలింది. సగంమంది 17 సెకన్లలోపే కదిలిపోయారు. జర్నల్ కోసమైతే పది నిమిషాలు పెట్టుకోండి. మొదటి రెండు నిమిషాల్లో "చూసేశాను, ఇంకేం లేదు" అనిపిస్తుంది. అక్కడే ఆగకుండా కూర్చోవాలి. నాలుగో నిమిషం నుంచి అసలైనవి కనబడటం మొదలవుతాయి.

జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ గీసిన పెద్ద అల చిత్రం మీరు చూసే ఉంటారు. 1831 ప్రాంతంలో చెక్క అచ్చులతో ముద్రించింది అది. నేను మొదటి రోజు రాసిందంతా అల గురించే: నురుగు గోళ్లలా వంగి ఉంది, నీలం మీద నీలం. రెండో రోజు వెనకాల చిన్నగా ఉన్న కొండ గురించి రాశాను. దాన్ని కూడా మొదట ఇంకో అల అనుకున్నాను. మూడో రోజు గానీ పడవలను సరిగ్గా చూడలేదు. మూడు పడవలున్నాయి. వాటిలో మనుషులున్నారు, పడవకి అతుక్కుపోయినట్టు వంగి ఉన్నారు. చిత్రంలో మనుషులున్నారని తెలిసి కూడా రెండు రోజులు వాళ్ల గురించి ఒక్క మాట రాయలేదు. ఆ రోజు పేజీ ఇలా మొదలైంది: "పెద్ద గొడవ జరుగుతుంటే నేను గొడవను చూస్తాను, అందులో చిక్కుకున్న వాళ్లను ఆలస్యంగా చూస్తాను." ఆ మాట రాసేటప్పుడు నా కళ్లముందు మెదిలింది సముద్రం కాదు.

పద్ధతి కావాలంటే హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ప్రాజెక్ట్ జీరో అనే పరిశోధన కేంద్రం తయారుచేసిన మూడు మెట్లు ఉన్నాయి: ఏం చూస్తున్నాను, ఏం అనుకుంటున్నాను, ఏం అడగాలనిపిస్తోంది. బడి పిల్లల కోసం వాడే పద్ధతే, పెద్దవాళ్లకీ అంతే బాగా పనికొస్తుంది. నేను దానికి నాలుగోది కలుపుకున్నాను: ఈ చిత్రంలో నేను నిలబడాలంటే ఎక్కడ నిలబడతాను? చిత్రాల కోసం వెతుక్కోనక్కర్లేదు. మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి కాపీరైట్ లేని తన కళాఖండాల ఫొటోలను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఆన్‌లైన్‌లో పెట్టింది. ఇలా పెట్టిన మ్యూజియంలు ఇంకా చాలా ఉన్నాయి. వీలైతే ప్రింట్ తీసుకోండి. తెర మీద చూస్తుంటే చెయ్యి ఇంకో కిటికీ తెరిచేస్తుంది.

ఇందులో లోటు ఏమిటంటే, చిత్రం గురించి చదివి రాసేయాలన్న ఆశ. చిత్రకారుడి జీవితం, శైలి, కాలం. అవన్నీ విలువైనవే, కానీ అవి రాసిన పేజీలో మీరుండరు. చదవడం రాత తర్వాత పెట్టుకోండి. కళ గురించి బాగా చదువుకున్న వాళ్లకి ఈ దారి నేను చెప్పను. వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్న మాటలు చాలా ఎక్కువ.

రంగు, జిగురు, కత్తెర

ఇక చేతులకు రంగు అంటించుకునే దారి. ఆర్ట్ జర్నల్ అంటే పేజీ మీద రంగులు, గీతలు, అతికించిన ముక్కలు, మధ్యలో రెండు మాటలు. బొమ్మ దేనికీ పోలిక ఉండక్కర్లేదు. ఆర్ట్ థెరపీ పరిశోధకురాలు గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 39 మంది పెద్దవాళ్లు 45 నిమిషాలు నచ్చిన బొమ్మ వేశారు. దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గింది. బొమ్మలు వేసిన అనుభవం ఉందా లేదా అన్నదానితో పెద్ద తేడా రాలేదు. చిన్న అధ్యయనమే, అయినా "నాకు బొమ్మలు రావు" అని వెనక్కి తగ్గేవాళ్లకి అందులో ధైర్యం ఉంది.

మాటకు అందని బాధకి, ముఖ్యంగా ఒంటి నొప్పికి, ఆప్తులను పోగొట్టుకున్న దుఃఖానికి ఇదే సరైన దారి అని నా నమ్మకం. మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో తన జీవితంలో చివరి పదేళ్లు ఇలాంటి డైరీనే రాసింది. ఒక పేజీలో రంగులకు తన సొంత అర్థాలు రాసుకుంది. పసుపు పక్కన పిచ్చి, జబ్బు, భయం అని రాసి, అదే సూర్యుడిలో, సంతోషంలో కూడా భాగమని రాసింది. ఒక రంగుకు ఒకే అర్థం చెప్పే చార్టులు చాలాచోట్ల దొరుకుతాయి. వాటిని పక్కన పెట్టి, ఇలాంటి పట్టిక మీదే ఒకటి చేసుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ చేసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

మరీ భయంగా ఉంటే అన్నిటికంటే చిన్న రూపం ఒకటి ఉంది: రోజుకో రంగు. బొటనవేలంత చతురస్రం గీసి, ఆరోజు మీ కంటిని ఆపిన రంగును అందులో నింపి, దానికి పేరు పెట్టడం. మన భాషలో రంగులకు పేర్లు పెట్టే పద్ధతే ఇది కదా: చిలకపచ్చ, ఇటుక రంగు, పావురం రంగు, మావిచిగురు రంగు, కనకాంబరం రంగు. వస్తువును చూసి పేరు పెట్టారు. 1814లో పాట్రిక్ సైమ్ అనే చిత్రకారుడు అచ్చువేయించిన రంగుల పట్టికలో కూడా ఒక్కో రంగు పక్కన ఏ జంతువులో, ఏ మొక్కలో, ఏ ఖనిజంలో అది కనబడుతుందో ఉంటుంది. డార్విన్ బీగిల్ నౌక మీద వెళ్లినప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకెళ్లాడు. మీరు కూడా "లేత నీలం" అని వదిలేయకుండా "ఉతికి ఉతికి వెలిసిన చొక్కా జేబు లోపలి నీలం" అని రాసి చూడండి. నెల తిరిగేసరికి ముప్ఫై చతురస్రాలు ఉంటాయి. నా మొదటి నెలలో ఇరవై రెండు బూడిద ఛాయలే.

కొలాజ్ గురించి రెండు మాటలు. పాత పత్రికల్లోంచి కత్తిరించి అతికించడం, గీయడమూ రాయడమూ రెండూ కష్టమనిపించే రోజుల్లో మంచి ఆసరా. ఎందుకో ఆలోచించకుండా ముందు ఏరండి, తర్వాత చూడండి. ఫోన్‌లో ఫొటో జర్నల్ నేను కొన్నాళ్లు చేశాను. తీయడం సెకనులో అయిపోతుంది కాబట్టి చూడటమూ సెకనులోనే అయిపోతోంది. ప్రయాణంలో జ్ఞాపకానికి సరే. ఇక్కడ మనం వెతికేదానికి అది ఆఖరి వరస.

మరి మీకు ఏది?

రోజంతా మాటలతో పనిచేసే మనిషైతే ప్రకృతి జర్నల్. బొమ్మలు బాగా వేసే మనిషైతే వట్టి రాత, అదీ చెత్త కాగితం మీద; మీ గీత ఇప్పటికే అందంగా ఉంటుంది కాబట్టి గీతలో దాక్కోవడం మీకు తేలిక. ఎదుటివాళ్ల బాగోగులు చూస్తూ తన మాటే మరిచిపోయిన మనిషైతే రంగుల జర్నల్, ఎందుకంటే అందులో ఎవరికీ ఏ ఉపయోగమూ ఉండదు, అది మీ ఒక్కరిదే. అన్నీ పద్ధతిగా ఉండాల్సిందే అనుకునే మనిషైతే కొలాజ్ లేదా చూడకుండా గీసే గీత. లోపల ఖాళీగా, ఏమీ తోచనట్టు ఉంటే చిత్రం ముందు కూర్చోండి. మొదటి మాట ఆ చిత్రమే ఇస్తుంది.

చూడకుండా గీయడం అన్నాను కదా, అది ఇలా: వస్తువు మీదే కన్ను పెట్టి, కాగితం వైపు చూడకుండా, పెన్సిల్ ఎత్తకుండా అంచు వెంబడి నెమ్మదిగా పోవాలి. కంటి వేగమే చేతి వేగం. బొమ్మ వంకరపోతుంది, వంకరపోవాలి కూడా. "నాకు గీయడం రాదు" అన్న బెంగ దీంతో పోయినంత త్వరగా ఇంకదేనితోనూ పోదు.

ఇటీవలే పెద్ద దెబ్బ తగిలి, దాని గురించి రాసిన ప్రతిసారీ రోజంతా కుంగిపోతుంటే రాత ఆపేయండి. కొన్నాళ్లు బయటి వస్తువుల మీదే ఉండండి: ఆకు, మేఘం, రంగు. అయినా నిద్ర పట్టక, పనులు చేసుకోలేక, బతుకు మీద విరక్తి కలుగుతుంటే జర్నల్ సరిపోదు. మానసిక వైద్యుణ్నో కౌన్సెలర్‌నో కలవాలి, ఆలస్యం చేయకూడదు. నోట్‌బుక్ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లొచ్చు. మాట పెగలనప్పుడు పేజీ చూపించడం తేలిక.

ఎవరైనా చదువుతారన్న భయం ఉంటే ఆ భయాన్ని ముందు తీర్చుకోండి. పిల్లల కథలు రాసిన ఇంగ్లిష్ రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ పదిహేనో ఏట నుంచి ముప్ఫై ఏళ్ల వరకు తన డైరీని సొంతంగా కల్పించుకున్న రహస్య లిపిలో రాసింది. ఆమె పోయిన చాలా ఏళ్లకి, 1958లో గానీ దాన్ని ఎవరూ విప్పలేకపోయారు. మీకు లిపి అక్కర్లేదు. రాసిన దాని మీద రంగు పూసేయొచ్చు, పేజీని మడిచి అతికించేయొచ్చు. పేజీలను ఫొటో తీసి పదిమందికీ పెట్టడం మాత్రం కనీసం మొదటి ఆరు నెలలు వద్దు. ఒక్కసారి మెచ్చుకోలు వచ్చిందంటే తర్వాతి పేజీ ఆ మెచ్చుకోలు కోసమే తయారవుతుంది.

కాగితం సంగతి

దీని మీద గంటలు గడిపేవాళ్లను చూశాను, అంత అవసరం లేదు. గీతల్లేని ఎ5 సైజు పుస్తకం, 148 మి.మీ. వెడల్పు, 210 మి.మీ. పొడవు, చేతిలో ఇమిడిపోతుంది. మామూలు నోట్‌బుక్ కాగితం 70, 80 జిఎస్‌ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) ఉంటుంది. పెన్ను, పెన్సిల్‌కి చాలు. కొద్దిగా రంగు వేస్తారనుకుంటే 150 దగ్గర, నీళ్లు బాగా వాడే వాటర్‌కలర్‌కి 300 జిఎస్‌ఎం చూసుకోండి, లేకపోతే పేజీ ఉబ్బి అలలు తేలుతుంది. 2బి పెన్సిల్ ఒకటి, తడికి చెదరని ఇంకు పెన్ను ఒకటి. పచ్చి ఆకును నేరుగా అతికించొద్దు, బూజు పడుతుంది. పాత వార్తాపత్రికల మధ్య బరువు కింద రెండు మూడు వారాలు ఉంచి ఆరాక అతికించండి. అట్ట చాలా అందంగా ఉన్న పుస్తకం కొనకండి. పాడవుతుందేమోనన్న బెంగతో మొదటి పేజీ ఎప్పటికీ తెల్లగానే ఉండిపోతుంది.

రెండు వారాల పరీక్ష

చదివి నిర్ణయించుకోవడం కంటే చేసి చూడటం మేలు. మీకు నప్పుతుందనిపించిన దారి ఏడు రోజులు, దానికి బాగా దూరంగా ఉన్నది ఏడు రోజులు. రోజుకి పదిహేను నిమిషాలు, ఒకే టైమ్‌కి. మధ్యలో వెనక్కి తిప్పి చూడొద్దు. ఒకరోజు తప్పితే తప్పిందని తేదీ వేసి, ఆ పేజీ ఖాళీగా వదిలేయండి. ఎందుకు తప్పిందో తర్వాత అదే చెబుతుంది.

పదిహేనో రోజున పెన్సిల్ పట్టుకుని మొత్తం చదవండి. ఏ పేజీ బాగుందని చూడకండి. నోట్‌బుక్ తెరిచేముందు మీకు తెలియనిది, మూసేటప్పటికి తెలిసినది ఎక్కడైనా ఉందా? ఉన్నచోట అంచున చిన్న చుక్క పెట్టండి. మూడుసార్లకు మించి వచ్చిన మాటకీ, రంగుకీ, వస్తువుకీ కింద గీత గీయండి. ఆ తర్వాత, ఉండాల్సింది లేకపోవడం ఎక్కడైనా కనబడుతోందా చూడండి: రెండు వారాల్లో ఒక్కసారి కూడా రాని మనిషి, ఒక్కసారి కూడా వాడని రంగు, ప్రతి బొమ్మలో వదిలేసిన మూల.

చుక్కలు ఎక్కువ ఏ వారంలో ఉంటే ఆ దారిలో మూడు నెలలు ఉండండి. రెండు వారాల్లోనూ చుక్క ఒక్కటీ లేకపోతే రంగు చతురస్రంతో మొదలుపెట్టండి. తేదీ, చతురస్రం, పేరు. మూడు నిమిషాల పని.